చిన్న సైజు, మంచి ఆంప్లిఫయర్లు: ఇంట్లో వాడుతున్నవాళ్లు చెప్పండి (శ్రీకాకుళం, విజయనగరం)

ఏడురోడ్లవాసి (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. కొత్త ఇల్లు, కొత్త టీవీ యూనిట్. దాంతో పాత ఏవీ రిసీవర్‌కి (టీవీ, స్పీకర్లు కలిపే పెద్ద పెట్టె) చోటు పోయింది. కార్పెంటర్ మిగిల్చిన అర వెడల్పు పదకొండు అంగుళాలు, లోతు పద్నాలుగు. అందులో పట్టే ఆంప్ (స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్) కావాలి.

స్పీకర్లు కెఫ్ ఎల్‌ఎస్50 మెటా. వాటిని మార్చే ఉద్దేశం లేదు. హాలు పదమూడు బై పదకొండు అడుగులు. కింద టైల్స్, ఒక గోడ మొత్తం అద్దాల కిటికీ. ఎక్కువగా వినేది ఘంటసాల, సుశీల కాలం పాటలు, కొంచెం కర్ణాటక సంగీతం. రాత్రిళ్లు సినిమా. బడ్జెట్ లక్ష, మరీ నచ్చితే ఇంకో ఇరవై వేలు.

రివ్యూలు చూసి చూసి తల వాచిపోయింది. ఎవర్ని చూసినా సౌండ్‌స్టేజ్ (వాయిద్యాలు ఎదురుగా పరుచుకున్నట్టు వినిపించడం) అదిరిందనే అంటారు. ఇంట్లో పెట్టుకుని, ఎండాకాలం గడిచి, కరెంటు పోయి వచ్చి, ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఆ రిమోట్ పట్టుకుని వాడాక ఏమనిపించిందో చెప్పండి. వైజాగ్ షోరూంలో ఏసీ గదిలో విన్నది నేనూ విన్నాను, అది వద్దు.


గంటస్తంభం (విజయనగరం)

నా దగ్గర రెగా బ్రియో ఉంది. ఇంగ్లండ్ తయారీ ఆంప్, క్లాస్ ఏబీ (కొంచెం వేడెక్కే పాత పద్ధతి), 8 ఓమ్స్ నిరోధం ఉన్న స్పీకర్‌కి 50 వాట్లు. కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను.

ముందే చెప్పేస్తాను, మీ అరలో పట్టదు. వెడల్పు మామూలు ఆంప్‌లో సగమే కానీ లోతు అడుగు దాటుతుంది. వెనక ప్లగ్గులు, తీగలు వంగడానికి ఇంకో మూడు నాలుగు అంగుళాలు వేసుకోండి. ఫోటోల్లో ముందువైపు ఒక్కటే చూపిస్తారు కాబట్టి ఇది ఎవరికీ తట్టదు. అర వెనక చెక్కకి కన్నం కొట్టించగలిగితే ఆలోచించండి.

సౌండ్ సంగతి. పాడేవాళ్ల గొంతు ముందుకు వచ్చి నిలబడుతుంది. మన ఊరి సుశీలమ్మ చరణం ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది, అది కూడా సౌండ్ పెంచకుండానే. తబలా దెబ్బ ముద్దగా ఉండదు. ఎంతసేపు విన్నా చెవి అలిసిపోదు. దీన్ని లెక్కల్లో చూపించమంటే నా వల్ల కాదు.

లోపాలు: నా మోడల్‌లో డాక్ (డిజిటల్ సిగ్నల్‌ని ఆంప్‌కి పనికొచ్చేలా మార్చేది) లేదు, అంటే టీవీ ఆప్టికల్ తీగ నేరుగా పెట్టలేం, విడిగా ఇంకో డబ్బా కొనాలి. బ్లూటూత్ లేదు. బేస్, ట్రెబుల్ నాబులు లేవు. పైగా ఒంటి రేకే హీట్‌సింక్ (వేడిని బయటికి పంపేది), మే నెలలో పైన చెయ్యి పెడితే బాగానే చురుక్కుమంటుంది. తలుపులున్న అరలో మాత్రం పెట్టొద్దు. రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్లకి ఫోనో స్టేజ్ (రికార్డ్ ప్లేయర్ సన్నని సిగ్నల్‌ని పెంచేది) లోపలే ఉండటం కలిసొస్తుంది.


రాజాం_రాకెట్

లక్షా?! గురూ, నా దగ్గర అరచేతిలో పట్టే క్లాస్ డీ (స్విచ్‌లా వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ తక్కువ వేడెక్కే రకం) ఆంప్ ఉంది. లోపల టీపీఏ3255 చిప్. పెట్టె మీద 300 వాట్లు అని రాసుంది, అదీ ఒక్కో వైపుకి. పది వేలు కూడా కాలేదు. మిగతా తొంభై వేలతో ఏం చేయాలో నన్నడగండి, చెప్తాను.

(రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది కాబట్టి నన్ను శ్రీకాకుళం బ్యాచ్‌లో వేయొద్దు.)


కరెంటు_మాస్టారు (బొబ్బిలి)

తమ్ముడూ, 300 అన్నావు కదా. అడాప్టర్ మీద ఏముందో చూశావా? ఈ రకం పెట్టెలతో పాటు మామూలుగా ఇచ్చేవాటిలో పెద్దది 48 వోల్టులు, 5 ఆంపియర్లు. హెచ్చవేస్తే 240 వాట్లు. అడాప్టరే మొత్తం 240 ఇస్తుంటే, రెండు వైపులా మూడేసి వందలు ఎక్కడినుంచి వస్తాయి? ఆ చిప్ తయారుచేసే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన డేటాషీట్‌లో 4 ఓమ్స్‌కి 315 వాట్లు అని రాసిన మాట నిజమే, కానీ అది 10 శాతం డిస్టార్షన్ (శబ్దం చెడిపోవడం) దగ్గర. ఆ స్థితిలో ఎవరూ పాట వినరు.

ఇక అసలు ఎంత కావాలో చూద్దాం. ఎల్‌ఎస్50 మెటా సెన్సిటివిటీ 85 డెసిబెల్స్. అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 85. మీరు రెండున్నర మీటర్ల దూరంలో కూర్చుంటారనుకుందాం. దూరానికి ఎనిమిది పోతాయి. స్పీకర్లు రెండు కాబట్టి మూడు కలుస్తాయి. కుర్చీ దగ్గర 80. గోడలు ఇంకొంచెం కలుపుతాయి, దాన్ని వదిలేద్దాం. ఒక్క వాట్‌కే 80 వస్తోందంటే పక్కగదిలో చదువుకునేవాడు లేచి తలుపేసుకునే సౌండు. పాట మధ్యలో మృదంగం దెబ్బ దానికన్నా 15 డెసిబెల్స్ పైకి లేవాలంటే 32 రెట్లు పవర్ కావాలి, అంటే 32 వాట్లు.

కాబట్టి 40, 50 వాట్ల ఆంప్ ఆ హాలుకి సరిపోతుంది. 50 నుంచి 100కి వెళ్తే పెరిగేది మూడు డెసిబెల్స్. డబ్బు మాత్రం అలా మూడుతో ఆగదు.

రాజాం తమ్ముడికి ఒక న్యాయం కూడా చేయాలి. 48 వోల్టులతో 8 ఓమ్స్ స్పీకర్‌కి ఒక్కో వైపు లెక్క ప్రకారం వంద దాకా రావచ్చు. పెట్టె మీద రాసింది గొప్పలే అయినా లోపలున్నది ఆ హాలుకి చాలు.


రాజాం_రాకెట్

చూశారా, మాస్టారే ఒప్పుకున్నారు.


కరెంటు_మాస్టారు (బొబ్బిలి)

సగమే ఒప్పుకున్నాను. ఇంకో సంగతి, ఇది అందరికీ. ఈ క్లాస్ డీ పెట్టెల్లో చాలావాటికి స్పీకర్ నల్ల టెర్మినల్ ఎర్త్ కాదు. ఎరుపులోనూ నలుపులోనూ సిగ్నల్ ఉంటుంది. పాత ఇళ్లలో వైరు మిగులుతుందని రెండు స్పీకర్లకి నల్ల తీగ ఒకటే లాగేసినవాళ్లున్నారు. అలాంటి వైరింగ్‌కి ఈ ఆంప్ తగిలిస్తే ఆంప్ పోతుంది. సబ్‌వూఫర్‌ని (బేస్ కోసం పెట్టే విడి స్పీకర్) స్పీకర్ టెర్మినల్స్ నుంచి కలిపేవాళ్లు కూడా సబ్ మాన్యువల్‌లో నల్ల తీగ ఎక్కడ పెట్టమన్నాడో చదివి కలపండి.


శ్రుతిపెట్టె (విజయనగరం)

నేను మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నదాన్ని. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు. ఎందుకు చెప్తున్నానంటే, మా చెవులు స్పీకర్ ముందు కాదు, వాయిద్యం ముందు తయారయ్యాయి. బొబ్బిలి వీణని రెండు చాపల దూరంలో కూర్చుని విన్నవాళ్లకి ఆంప్‌లో వెతికేది ఒక్కటే: మీటు పడ్డాక నాదం ఎంతసేపు నిలుస్తోంది, ఆ తగ్గే నాదం మీద లాగిన గమకం చివరిదాకా తెలుస్తోందా లేదా.

మా ఇంట్లో నేమ్ యూనిటీ ఆటమ్ ఉంది. 2017లో వచ్చిన మోడల్, 40 వాట్లు. పైన పెద్ద గుండ్రటి వాల్యూమ్ నాబ్, తిప్పుతుంటే చుట్టూ వెలుగు తిరుగుతుంది. వెడల్పు మీ అరలో సరిపోతుంది, లోతు కూడా. ఆ గమకం సంగతిలో నన్ను ఎప్పుడూ నిరాశపరచలేదు. తంబురా శ్రుతి కింద సన్నగా సాగుతూ ఉంటే దాని మీద గొంతు కలిసే చోటు చక్కగా వినిపిస్తుంది.

కానీ కొత్తది మీ బడ్జెట్ దాటి చాలా దూరం పోతుంది. సెకండ్‌హ్యాండ్ చూసినా ఇంకో ఆలోచన ఉంది. ఇందులో ఆంప్, డాక్, నెట్‌వర్క్ అన్నీ ఒకే పెట్టెలో. ఆంప్ భాగం ఇరవై ఏళ్లు పాడుతుంది. యాప్, వైఫై భాగం అన్నాళ్లు కొత్తగా ఉండవు. గంటస్తంభం గారి బ్రియోకి ఆ బెంగ లేదు.

పాత పాటల గురించి కూడా ఒక మాట. 78 స్పీడ్ రికార్డుల నుంచి ఎక్కించినవి, ఆ కాలపు సినిమా పాటలు చాలావరకు మోనో, పై స్వరాలు గీకుతాయి, కింద బరువు ఉండదు. వాటిని ఎంత ఖరీదైన ఆంప్ పెట్టినా బాగుచేయలేదు. చిన్న ట్రెబుల్ నాబ్ బాగుచేస్తుంది. 1978లో వచ్చిన నాడ్ 3020 అనే 20 వాట్ల ఆంప్‌కి ఆ నాబులు ఉండేవి. ఇప్పుడు ఖరీదు పెరిగేకొద్దీ ముందు నాబులు తీసేస్తున్నారు. బ్రియోకీ లేవు, నా ఆటమ్‌కీ లేవు. మీరు వినేది సగం ఘంటసాల అన్నారు కాబట్టి ఇది తేలిగ్గా తీసుకోవద్దు.


జీడితోట (పలాస)

నేను విమ్ ఆంప్ వాడుతున్నాను. క్లాస్ డీ, 8 ఓమ్స్‌కి 60 వాట్లు. వైఫై, హెచ్‌డీఎంఐ, యాప్‌లో ఈక్వలైజర్. పైన చెప్పిన ట్రెబుల్ నాబ్ పని దీనిలో ఫోన్ మీద జరిగిపోతుంది. సబ్‌వూఫర్‌కి విడిగా అవుట్‌పుట్ ఉంది. అడాప్టర్ గొడవ లేదు, పవర్ సప్లై లోపలే. మీ అరలో పెడితే పక్కన ఇంకా చోటు మిగులుతుంది.

నేను దీన్ని కొన్నది సౌండ్ చూసి కాదు, మా కరెంటు చూసి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా పలాస మీదుగానే పోయింది. జీడి, కొబ్బరి తోటలు ఎలా పడ్డాయో అందరూ చూశారు. స్తంభాలన్నీ నేలకూలి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. ఆ తర్వాత లైను ఇచ్చిన పూట ఏం జరిగిందో గానీ బల్బులు తెల్లగా వెలిగి మా వీధిలో రెండు ఫ్రిజ్‌లు, మా పాత ఆంప్ ఒకేసారి పోయాయి. ట్రాన్స్‌ఫార్మర్ మాడిన వాసన ఇల్లంతా.

ఇప్పుడున్నది సాయంత్రం వోల్టేజ్ పడిపోయినా పట్టించుకోదు. ఇన్వర్టర్ మీదా పాడుతుంది. కరెంటు బిల్లులో దాని జాడే లేదు. పెట్టెకి గాలి కన్నాలు దాదాపు లేవు కాబట్టి చీమలు, బల్లులు దూరవు. సిటీవాళ్లు నవ్వుతారు గానీ మా వైపు ఆంప్‌లని చంపేది డిస్టార్షన్ కాదు, బల్లి.

సౌండా? శుభ్రంగా ఉంటుంది. బ్రియో నేను విన్నాను, దాని గొంతులో ఉన్న ఆ చనువు దీనిలో లేదు. నేను దాని కోసం మరో అరవై వేలు పెట్టను.


కరెంటు_మాస్టారు (బొబ్బిలి)

జీడితోట గారు చెప్పింది న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగిన కేసు అయ్యుంటుంది. మూడు ఫేజులు ఉన్న చోట న్యూట్రల్ ఊడితే, ఒక ఇంట్లో 230 రావలసిన చోట 300 దాటి 400 దగ్గరికీ పోవచ్చు. పక్కింట్లో అదే సమయంలో బల్బు ఎర్రగా మిణుకుమంటుంది. స్పైక్ బస్టర్ స్ట్రిప్ దీన్ని ఆపలేదు. మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజ్, అండర్ వోల్టేజ్ కట్ఆఫ్ రిలే పెట్టించుకోండి. ఆంప్ ధరతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

పిడుగుల కాలంలో ప్లగ్ తీసేస్తే సరిపోదు, డిష్ కేబులు, ల్యాన్ (ఇంటర్నెట్) తీగ కూడా తీయండి. ఎక్కువసార్లు దెబ్బ వచ్చేది ఆ దారినే.

పెద్ద టొరాయిడల్ (గారె ఆకారపు) ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్‌లని (బ్రియో, ఆటమ్ అలాంటివి) స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద నడపొద్దు. ట్రాన్స్‌ఫార్మరే గుయ్‌మని పాడుతుంది. సైన్‌వేవ్ ఇన్వర్టర్ అయితే పర్వాలేదు.


సోల్డర్_బాబాయ్ (శ్రీకాకుళం)

బెంచి మీద కూర్చునేవాడిగా నా మాట. బ్రియో లాంటిది వస్తే మూత తీస్తే ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు కంటికి కనిపిస్తాయి. ఏది పోయిందో పట్టుకుని మార్చగలను. చిన్న క్లాస్ డీ పెట్టెల్లో అన్నీ ఆవగింజంత ఎస్ఎండీ (బోర్డు మీదే అతికించే) భాగాలు, చిప్ అడుగున సోల్డర్. చిప్ పోతే చాలాసార్లు బోర్డు మార్చేయడమే, ఆ బోర్డు దొరికితే. పది వేల దానికి అది సమస్య కాదు, పారేసి ఇంకోటి కొంటారు. రెండు మూడు లక్షల దానికి ముందే అడగండి: వారంటీ ఎవరిది, ఇండియా దిగుమతిదారుదా, బయటినుంచి సూట్‌కేసులో వచ్చిందా? సర్వీస్ ఎక్కడ? మన రెండు జిల్లాల్లో అయితే లేదు, ముంబయికో బెంగళూరుకో కొరియర్ చేయాలి. అందుకే అట్టపెట్టె, లోపలి థర్మోకోల్ అటక మీద దాచండి.


కళింగ_కోడలు (నరసన్నపేట)

ఇంతసేపూ చదివాను. ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతాను. సీరియల్ టైముకి టీవీ ఆన్ చేస్తే ఆంప్ తనంతట తాను ఆన్ అవుతుందా? టీవీ రిమోట్‌తో సౌండ్ తగ్గుతుందా?

మా ఆయన తెచ్చిన బుల్లి ఆంప్ (పేరు చెప్పను) ఖరీదైనదే. దాని రిమోట్ వేరు, డాక్ స్విచ్ వేరు, అది ఆప్టికల్‌లో ఉందో బ్లూటూత్‌లో ఉందో చిన్న రంగు దీపం చూసి కనిపెట్టాలి. ఆకుపచ్చ అయితే ఒకటి, నీలం అయితే ఇంకోటి. మా అత్తగారికి శుక్లాలు. నెల తిరక్కుండా ఆవిడ టీవీ స్పీకర్లకే వెళ్లిపోయారు. లక్ష రూపాయల ఆంప్ మీద ఇప్పుడు వినాయకుడి బొమ్మ ఉంది.

హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని అదే తీగలో ఆంప్‌కి పంపే సౌకర్యం) ఉన్నది తీసుకోండి. మిగతావన్నీ తర్వాత.


ఏడురోడ్లవాసి (శ్రీకాకుళం)

అక్కా, మా అమ్మ కూడా అంతే. థాంక్స్.


కొండగాలి (పార్వతీపురం)

జిల్లా వేరైంది కానీ నన్ను ఇక్కడినుంచి పంపేయకండి.

నాది నాడ్ ఎం10, సెకండ్‌హ్యాండ్. 100 వాట్లు, హైపెక్స్ కంపెనీ ఎన్‌కోర్ రకం క్లాస్ డీ. ఆ ఎన్‌కోర్ డిజైన్ చేసింది బ్రూనో పుట్జేస్ అనే బెల్జియం ఇంజనీరు, ఇప్పుడు పేరున్న ప్యూరిఫై ఆంప్ మాడ్యూల్స్ వెనకా ఆయనే. క్లాస్ డీ అంటే సబ్‌వూఫర్‌కే పనికొస్తుందన్న పాత పేరు పోవడంలో ఆయన పాత్ర పెద్దది.

అయితే నేను చెప్పాలనుకున్నది ఆంప్ గురించి కాదు. ఎం10లో డిరాక్ అనే రూమ్ కరెక్షన్ (గది వల్ల సౌండ్‌లో వచ్చే తేడాని సరిచేసే సాఫ్ట్‌వేర్) ఉంది. మైకు పెట్టి గదిని కొలిస్తే మా హాల్లో ఒకచోట బేస్ కొండలా లేచి ఉంది. ఏడురోడ్లవాసి గారూ, మీ గది కొలతలకి కూడా లెక్క వేశాను: పదమూడడుగుల గోడల మధ్య 43 హెర్ట్జ్ దగ్గర, పదకొండడుగుల మధ్య 51 దగ్గర మోత వస్తుంది. ఎల్‌ఎస్50 చిన్న స్పీకర్ కాబట్టి 43 దాకా గట్టిగా దిగదు, 51 మాత్రం తగులుతుంది. మద్దెల ముద్దగా వినిపిస్తే ఆంప్‌ని తిట్టకండి, స్పీకర్లని గోడ నుంచి అడుగు ముందుకు జరపండి.

హాల్లో నిలబడి చప్పట్లు కొట్టండి. టింగ్‌మని తోక వినిపిస్తే అది మీ టైల్స్, అద్దం. పొందూరు ఖద్దరు కర్టెన్ అందంగా ఉంటుంది గానీ సౌండ్ పీల్చుకోదు. మందం గుడ్డ రెండు వరసలు కావాలి, కింద తివాచీ. ఆంప్ మారిస్తే వచ్చే తేడా కన్నా దీంతో వచ్చే తేడా ఇంట్లో అందరికీ వినిపిస్తుంది.


గంటస్తంభం (విజయనగరం)

అందరూ లెక్కలు వేస్తున్నారు గానీ పక్కపక్కన పెట్టి విన్నవాళ్లు లేరు. ఈ ఆదివారం మా ఇంటికి రండి. బ్రియో ఇక్కడే ఉంది. రాజాం తమ్ముడు తన పెట్టె తేవాలి, జీడితోట గారు విమ్ తేవాలి. టిఫిన్ నాది.


సోల్డర్_బాబాయ్ (శ్రీకాకుళం)

వస్తాను, ఒక షరతు. సౌండ్ సమానం చేయకుండా పోలిక పెట్టొద్దు. కొంచెం ఎక్కువ సౌండ్‌లో ఉన్నదే ఎవరికైనా బాగుందనిపిస్తుంది. నా మల్టీమీటర్ తెస్తాను. 100 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర ఏసీ వోల్టులు కొలిచి, మూడింటినీ ఒక శాతం తేడా లోపల కలపాలి.


శ్రుతిపెట్టె (విజయనగరం)

ఆదివారం సంగతి నేను రాస్తానని ఒప్పుకున్నాను కాబట్టి రాస్తున్నాను. ఇడ్లీ, అల్లం పచ్చడి బాగున్నాయి, దాని మీద భేదాభిప్రాయాలు లేవు.

ముందు ఎవరూ మాట్లాడకుండా బాబాయ్ టోన్ పెట్టి వోల్టులు కలిపారు. ఆంప్‌ల ముందు దుప్పటి కట్టారు. మొదట వీణ, తర్వాత మోనో రికార్డు నుంచి వయొలిన్, తర్వాత ఒక సినిమా పాట. మొదటి రౌండ్‌లో అందరం ధైర్యంగా పేర్లు రాశాం. చీటీలు విప్పితే ఎవరి చీటీ ఎవరితోనూ కలవలేదు. వీణ గమకం మూడింటిలోనూ చివరిదాకా వచ్చింది.

ఆ తర్వాత కొండగాలి గారు తెచ్చిన తప్పెటగుళ్ళ రికార్డింగ్ పెట్టాం. ఊళ్లో ఎవరో మంచి మైకుతో తీసినది. గుండె మీద కట్టుకున్న రేకు గుళ్ళని గుంపు మొత్తం ఒక్కసారి కొట్టే దెబ్బ ఉంటుంది కదా, అక్కడ ఒక ఆంప్ చితికిపోయింది. దెబ్బ దెబ్బలా కాక కాగితం చిరిగినట్టు వచ్చింది. మళ్లీ పెట్టాం, మళ్లీ అక్కడే. దుప్పటి తీస్తే రాజాం వారిది.

బాబాయ్ ఆంప్ వైపు చూడలేదు, తీగ పట్టుకుని గోడదాకా వెళ్లారు. ప్లగ్ దగ్గర ఉన్నది దానితో వచ్చిన అడాప్టర్ కాదు, పాత లాప్‌టాప్‌ది. 19 వోల్టులు. కరెంటు మాస్టారు అక్కడికక్కడే వేళ్ల మీద లెక్క వేశారు: 19 ని 19తో హెచ్చవేసి 16తో భాగిస్తే 22 వాట్లు, అంతకుమించి రాదు. బాబాయ్ సంచిలోంచి 36 వోల్టుల సప్లై తీసి తగిలించారు. అదే పాట, అదే దెబ్బ, ఈసారి చితకలేదు. ఆ తర్వాత దుప్పటి కట్టి విన్నప్పుడు ఎవరూ నిలకడగా గుర్తుపట్టలేకపోయారు.

రెండు చోట్ల మాత్రం తేడా ఉంది, దానికి చీటీలు అక్కరలేదు. ఒకటి, పాట ఆపి స్పీకర్‌కి చెవి ఆనిస్తే చిన్న ఆంప్‌లో సన్నటి ఇస్స్‌మనే శబ్దం, బ్రియోలో అంత లేదు. రెండు, రాత్రి వినేంత తక్కువ సౌండ్‌లో చిన్న ఆంప్ నాబ్ దగ్గర ఎడమవైపు ఎక్కువ, కుడివైపు తక్కువ. గొంతు మధ్యలో ఉండాల్సింది పక్కకి జరిగింది. చవక వాల్యూమ్ పాట్‌ల (నాబ్ వెనక ఉండే భాగం) జబ్బు ఇది. విమ్‌లో వాల్యూమ్ డిజిటల్ కాబట్టి ఆ ఇబ్బంది లేదు.


రాజాం_రాకెట్

ఆ అడాప్టర్ చల్లగా ఉంటుందని వాడుతున్నాను. అయినా ఫలితం ఏటి? పది వేల పెట్టెని లక్ష పెట్టెతో కలిపి ఎవరూ కనిపెట్టలేకపోయారు. అది రాయండి పెద్ద అక్షరాలతో.


గంటస్తంభం (విజయనగరం)

నేను ఒప్పుకోను. అరనిమిషం ముక్కలు మార్చి మార్చి వింటే తేడా తెలియదు, అది నాకూ తెలుసు. సాయంత్రం కూర్చుని వరసగా రెండు గంటలు విన్నాక లేవాలనిపిస్తుందా, ఇంకో పాట పెట్టాలనిపిస్తుందా అన్నదే నా పరీక్ష. అందులో బ్రియో నన్ను కూర్చోబెడుతుంది. బాబాయ్ మీటర్‌లో అది పడదు.


సోల్డర్_బాబాయ్ (శ్రీకాకుళం)

పడదు, నిజమే. కానీ ఆ రెండు గంటలూ బ్రియో ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది. దుప్పటి కట్టి రెండు గంటలు వినండి, అప్పుడు మాట్లాడదాం.


అడ్మిన్

ఇద్దరూ పెద్దవాళ్లు, ఇక్కడితో ఆపితే బాగుంటుంది. ప్రశ్న అడిగినాయన ఏం కొన్నారో చెప్పలేదు.


ఏడురోడ్లవాసి (శ్రీకాకుళం)

కొనలేదింకా. జీడితోట గారు ఆదివారం వెళ్లేటప్పుడు తన విమ్‌ని నా చేతిలో పెట్టారు, కొన్నాళ్లు వాడి చూడమని. హెచ్‌డీఎంఐ తగిలించాను. అమ్మ టీవీ ఆన్ చేసింది, సౌండ్ కెఫ్‌లోంచి వచ్చింది, టీవీ రిమోట్‌తోనే తగ్గించుకుంది. ఏ పెట్టె ఎక్కడుందో ఆవిడకి తెలియదు, అవసరమూ పడలేదు.

ఘంటసాల పాటలకి ఈక్వలైజర్‌లో పైన కొంచెం తగ్గించి, కింద కొంచెం పెంచి ఒక సెట్టింగ్ దాచుకున్నాను. స్పీకర్లు అడుగు ముందుకు జరిపాను, మద్దెల ముద్దతనం సగం పోయింది. కిటికీకి మందం కర్టెన్లు కుట్టడానికి ఇచ్చాం.

గంటస్తంభం గారూ, మీ ఇంట్లో బ్రియో మీద సుశీలమ్మ పాట వింటుంటే నాకూ లేవాలనిపించలేదు, దాస్తే అబద్ధమవుతుంది. చేతికి ఇంకో గది దొరికి, దానికి తలుపు ఉండి, అందులో టీవీ లేకపోతే అదే కొంటాను. ఇప్పుడు హాలుకి మాత్రం ఇదే ఆర్డర్ పెడుతున్నాను. మిగిలిన డబ్బులో ఓవర్ వోల్టేజ్ రిలేకి మాస్టారు చెప్పిన ఎలక్ట్రీషియన్ రేపు వస్తున్నాడు.


జీడితోట (పలాస)

అయితే నాది నాకు ఎప్పుడిస్తారు?


ఏడురోడ్లవాసి (శ్రీకాకుళం)

కొత్తది వచ్చాకే. అమ్మ ఊరుకోదు.


అలలపక్క (బారువ)

ఆలస్యంగా వచ్చాను. మాది సముద్రానికి బాగా దగ్గర. స్పీకర్ తీగ చివర్లు, ఆంప్ టెర్మినల్స్ ఏడాదికల్లా ఆకుపచ్చగా అయిపోతున్నాయి. ఒకవైపు సౌండ్ వచ్చి పోతోంది. ఆంప్ మార్చాలా?


సోల్డర్_బాబాయ్ (శ్రీకాకుళం)

ఆంప్ మార్చొద్దు. పచ్చబడిన రాగి అంతా కత్తిరించి పారేయండి, వైరు తొక్క ఒలిస్తే లోపల మెరుస్తున్న రాగి కనిపించేదాకా. బయట రాగి కనిపించకుండా బంగారు పూత బనానా ప్లగ్గుల్లోకి బిగించి, మూతి దగ్గర హీట్‌ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే బిగుసుకునేది) వేయండి. ఆంప్ టెర్మినల్స్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, గరుకు కాగితంతో రుద్దితే ఉన్న పూత కూడా పోతుంది. వర్షాకాలం ముందు ఒకసారి ప్లగ్గులు తీసి పెట్టండి, ఆ రాపిడికే సగం మురికి పోతుంది.


అలలపక్క (బారువ)

ప్లగ్గులు మా వైపు దొరకవు బాబాయ్.


జీడితోట (పలాస)

వైజాగ్ నుంచి నాలుగు జతలు తెప్పిస్తున్నాను, రెండు మీరు తీసుకోండి. శనివారం పలాస స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర ఇస్తాను. హీట్‌ష్రింక్ ఏ సైజు కావాలో బాబాయ్ చెప్తే అదీ తెస్తాను.


సోల్డర్_బాబాయ్ (శ్రీకాకుళం)

వైరు మందం ఎంతో ముందు అలలపక్క గారు చెప్పాలి. ఫోటో పెట్టండి.